కాగితం మందం

కుతాయిసిలో, రియోని నది దాటి
కొండవైపు ఎక్కే వీధిలో, ఏడో అంతస్తు.
లిఫ్ట్‌లో నాణెం వేస్తేగానీ కదలదు. నా దగ్గర లేదు.
పనిముట్ల పెట్టె మోసుకుంటూ మెట్లెక్కాను.
వచ్చిందీ మెట్ల కోసమే:
నలుపువీ తెలుపువీ, ఎనభై ఐదు.

తలుపు తీస్తూనే గులికో గారు
"వాఖో తప్పేం లేదు" అంది.
ఆ వాఖో, తొమ్మిదేళ్ళవాడు, సోఫా చివర
రెండు చేతులూ తొడల కింద దాచుకుని కూర్చున్నాడు.
సీసాడు పచ్చ సోడా. గదంతా టార్రగాన్ ఆకు వాసన.
పియానో నడుమ ఐదు మెట్లు
నొక్కితే లేవడం లేదు.

ముందు చెక్క విప్పి, అడ్డుపట్టీ తీసి,
కదిలే పన్ను పీకినంత మెల్లగా
ఒక్కోదాన్నీ పైకి లాగాను.
మంచం మీద దుప్పటి పరిచి వరసగా పడుకోబెట్టాను.
బయటికి కనబడే తెలుపు జానెడైనా ఉండదు,
దాని వెనక కర్ర దాదాపు మూరెడు.

అడుగున ఉన్నది దుమ్ము కాదు.
దుమ్మయితే ఊదితే పోతుంది. ఇది బొంత.
చిమట తిన్న ఉన్ని పొట్టు, పిల్లల గోళ్ళ ముక్కలు,
ఒక హెయిర్‌పిన్ను,
ఇప్పుడు ఏ దేశమూ పుచ్చుకోని రెండు కోపెక్కుల బిళ్ళ.
"అది నాది" అన్నాడు వాఖో, మొదటిసారి నోరు విప్పి.
వాడు పుట్టకముందే చెల్లకుండా పోయిన నాణెం.
ఇచ్చేశాను.

నీళ్ళు తగలకూడదు. తాగిన చెక్క ఉబ్బి
పక్కదాన్ని ఒరుసుకుంటుంది, ఇరుగుపొరుగులా.
గుడ్డ తడిపి, పిండి,
ఇక చుక్క రాదనుకున్నాక ఇంకోసారి పిండి
అప్పుడు తుడవాలి.
మా గురువు లామారా స్వరాలు సరిగా నేర్పలేదు గానీ
పిండటం నేర్పింది.

పచ్చ మరక కింద ఇంకో మరక, ముదురు ఎరుపు.
"పెళ్ళి" అంది గులికో గారు. ఎవరిదో చెప్పలేదు.
ఆ పక్కనే చెక్క మీద పెన్సిలు రాత:
1974. వైన్. తుడిచాను.
1981. మళ్ళీ వైన్.
1988. చిమటలు. ఉన్నంతా కొత్తది వేశాను.

తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.
యాభై రెండో మెట్టు కింద మాత్రం, ఉన్ని బిళ్ళ మీద
గోరంత వెడల్పున కొవ్వొత్తి మైనం.
"కరెంటు లేని చలికాలాలు" అంది.
"కుర్చీలు కాల్చాం. పుస్తకాల బీరువా కాల్చాం.
ఒక రాత్రి దీని మూత కూడా విప్పాను,
మళ్ళీ బిగించేశాను."
ఎందుకో చెబుతుందని చూశాను.
టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

మైనంతో సహా బిళ్ళ పెకలించి కొత్తది వేశాను.

సాయంత్రానికి అన్నీ వాటి వాటి చోట.
ఆమె కూర్చుంది. ఎడమచెయ్యి బాగానే నడిచింది,
కుడిచెయ్యి యాభై రెండు దగ్గర తడబడింది,
చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు.
"లోతుగా పోతోంది."
నా కొలబద్ద పెట్టి చూశాను. పది మిల్లీమీటర్లు,
ఉండాల్సినంతే ఉంది.
వాఖో వచ్చి ఒకటి నొక్కి
"నాకు బానే ఉంది" అన్నాడు.
ఆమె ఏమీ అనలేదు. టీ గ్లాసును మాత్రం
పియానోకి దూరంగా జరిపింది.

ముప్పై ఏళ్ళుగా ఆ వేలికి నేల అక్కడే ఉంది.

మళ్ళీ విప్పాను.
నా పెట్టెలో గుండ్రటి కాగితపు బిళ్ళలుంటాయి,
ఉల్లిపొరంతవి, అట్టంతవి.
ఉన్ని కింద ఒకటి దూర్చాను. తల అడ్డంగా ఊపింది.
రెండోది. మూడోదానికి
వేలు ఆగాల్సిన చోట ఆగింది.
సగంలో వదిలిన పాట మొదటినుంచి ఎత్తుకుంది.

మూసేముందు పెన్సిలు అడిగితే వాఖో ఇచ్చాడు.
తారీఖు వేసి, సోడా అని రాసి,
కింద ఇంకో ముక్క:
52లో కాగితాలు మూడు. తియ్యొద్దు.

గుమ్మం దగ్గర వాడు నా అరచేతిలో
రెండు కోపెక్కులు పెట్టాడు, లిఫ్ట్ కోసమట.
చెల్లదని చెప్పలేదు.
మెట్ల మీదే దిగాను, లైటు లేదు,
ఒక్కోటీ ఎంత లోతో కాలితో చూసుకుంటూ.